సెటిల్‌మెంట్: పీట ఎవరిది?

తెలుగునాట ‘సెటిల్‌మెంట్’ అన్న మాట వినిపించని రోజుండదు. కొడుక్కి ఉద్యోగం వస్తే ‘సెటిలయ్యాడు’ అంటారు. భూతగాదాను కోర్టు గడప తొక్కనీయకుండా బెదిరించి తేల్చడమూ సెటిల్‌మెంటే. హైదరాబాద్ ఎన్నికలొస్తే పార్టీలకు ‘సెటిలర్ల’ ఓట్లు గుర్తుకొస్తాయి. ఈ మాటకు మూలమైన ప్రాచీన ఇంగ్లీషు పదం ‘సెట్ల్’. దానికి అర్థం ఆసనం, మన పీట వంటిది. ఆ పీట వేయడానికి ఎవరిని లేపారన్న సంగతి మాత్రం ఆ మాటలో ఎక్కడా కనిపించదు.

వలస పాలకులకు ఈ మౌనం బాగా అక్కరకొచ్చింది. 1802లో ఉత్తర సర్కారుల జమీందార్లు చెల్లించవలసిన శిస్తును శాశ్వతంగా ఖాయం చేసి, దానిని పర్మనెంట్ సెటిల్‌మెంట్ అన్నారు. దుక్కి దున్నే రైతు జమీందారు దయకు మిగిలాడు. నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల కుటుంబాలను నిఘాలో నిలిపిన బాపట్ల సమీపంలోని స్టువర్టుపురం కూడా రికార్డుల్లో సెటిల్‌మెంటే.

ఈ మాట అర్థాలన్నీ ఒక్కచోట పోగుపడింది అండమాన్ నికోబార్ దీవుల్లో. 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ అక్కడ నెలకొల్పిన తొలి సెటిల్‌మెంట్‌ను 1796లో ఎత్తివేశారు. 1858 మార్చిలో 200 మంది ఖైదీలతో శిక్షా సెటిల్‌మెంట్ మొదలైంది. మరుసటి ఏడాదే తమ నేల కోసం గ్రేట్ అండమానీలు అబర్డీన్ వద్ద పోరాడారు. నేడు వారి సంఖ్య కొన్ని పదులు మాత్రమే. స్వాతంత్య్రానంతరం తూర్పు బెంగాల్ శరణార్థులు, 1969 నుంచి గ్రేట్ నికోబార్‌లో మాజీ సైనికులు సెటిలర్లుగా వచ్చారు. నిలువ నీడ కోసం వచ్చినవారిని తప్పుపట్టలేం. ఖాళీ నేలగా లెక్కగట్టి పంచిన ప్రభుత్వాలే జవాబు చెప్పాలి.

ఇప్పుడు అదే గ్రేట్ నికోబార్‌లో ఓడరేవు, విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, కొత్త నగరం రానున్నాయి. వాటి కోసం దాదాపు 130 చదరపు కిలోమీటర్ల అడవిని మళ్లించేందుకు 2022లో సూత్రప్రాయ అనుమతి లభించింది. అటవీ హక్కుల చట్టం కింద హక్కుల గుర్తింపు, ‘సెటిల్‌మెంట్’ పూర్తయ్యాయని ఆ ఏడాది ఆగస్టులోనే స్థానిక యంత్రాంగం ధ్రువీకరించింది. నవంబరులో గిరిజన మండలి తన సమ్మతిని వెనక్కి తీసుకుంది.

తెగలను కదిలించబోమని కేంద్రం చెబుతోంది. అయితే 2004 సునామీ తరువాత నికోబారీలను వారి పూర్వీకుల గ్రామాల నుంచి క్యాంప్‌బెల్ బే సమీపంలోని రాజీవ్ నగర్, న్యూ చింగెన్‌లకు అప్పుడే తరలించారు. తిరిగి తమ ఊళ్లకు పంపాలని వారు అప్పటి నుంచీ అడుగుతున్నారు. వారిని కదిలిస్తారా లేదా అన్నది కాదు ప్రశ్న, వెళ్లనిస్తారా లేదా అన్నది. 2011 జనగణనలో 229 మందిగా నమోదైన షోంపెన్‌ల నుంచి ఏ సమ్మతిని, ఏ భాషలో, ఎవరు తీసుకుంటారన్నది మరో ప్రశ్న.

ఈ రెంటికీ జవాబు లేకుండా హక్కులు సెటిలయ్యాయని రాస్తే, ఆ మాటకు మన వీధుల్లో వాడుకలో ఉన్న అర్థమే మిగులుతుంది: బలవంతుడు తేల్చింది, బలహీనుడు తలూపింది. ప్రాజెక్టు పత్రాలపై తదుపరి సంతకం పడేలోపు నికోబారీలను తమ ఊళ్లకు చేరనివ్వాలి. ఆ నేలపై నిలబడి వారు చెప్పిందే సమ్మతి అవుతుంది.