స్కర్టు మనకోసమా... మనం స్కర్టుకోసమా?

వేసవి సెలవులొచ్చాయంటే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలన్నీ ఒకే మాట అడుగుతాయి. "ఫలానా సినిమాలో హీరోయిన్ వేసుకున్న స్కర్టు నాకు నప్పుతుందా?" అని! రాసింది నర్సంపేట అమ్మాయైనా, నరసరావుపేట అమ్మాయైనా ప్రశ్నలో మాత్రం తేడా ఉండదు. సరే, ఈ వారం దానికే జవాబు చెప్పుకుందాం. కాకపోతే ప్రశ్నని కాస్త తిరగేసి చెప్పుకుందాం. స్కర్టు మనకు నప్పుతుందా అని కాదు, స్కర్టుని మనకు నప్పేటట్టు ఎలా చేసుకోవాలి అని.

తెర వెనక గుండుసూదులు

1973లో 'బాబీ' విడుదలైంది. డింపుల్ కపాడియా చుక్కల బ్లౌజు ఎంతగా పాకిందంటే, ఆ చుక్కల గుడ్డకు బట్టల కొట్లలో 'బాబీ ప్రింటు' అన్న పేరే స్థిరపడిపోయింది. మన దగ్గర 1978లో 'పదహారేళ్ళ వయసు' వచ్చింది. శ్రీదేవి లంగా ఓణీ చూసి ఎంతమంది అమ్మలు బీరువాల్లోంచి పాత పట్టు లంగాలు బయటికి తీశారో!

అయితే హాల్లో కూర్చున్న మనకు కనిపించని సంగతి ఒకటుంది. ఆ బట్టలు ఒకే ఒక్క మనిషికోసం కుట్టినవి. ఆమెను నిలబెట్టి, కొలిచి, తొడిగించి, విప్పి, మళ్ళీ కుట్టినవి. ఫొటోలు తీసేటప్పుడైతే ఇంకా తమాషా! వీపు వెనక నాలుగు క్లిప్పులు పెట్టి గుడ్డని బిగించేస్తారు. కెమెరా ముందునుంచి చూస్తుంది గనక ఆ క్లిప్పులు దానికి కనపడవు. పత్రిక అట్టమీద మనం "అబ్బ, ఏం ఫిట్టింగు!" అనుకునేదాంట్లో సగం ఆ క్లిప్పులదే.

కొలత పట్టడం ఎంత పెద్ద విద్యో ఇంకో మాట చెబుతాను. మన దేశానికి మొదటి ఆస్కార్ తెచ్చింది నటులూ కాదు, దర్శకులూ కాదు. బట్టలు చూసుకున్న భాను అతైయా! 'గాంధీ' చిత్రానికి జాన్ మోలోతో కలిసి 1983లో అందుకున్నారు. మన 'మహానటి' (2018) దుస్తులకు వచ్చిన జాతీయ అవార్డుని ఇంద్రాక్షి పట్నాయక్, గౌరాంగ్ షా, అర్చనా రావు పంచుకున్నారు. ఒక్క సినిమా బట్టలకోసం ముగ్గురు అంత కష్టపడితే, మనం ఫోనులో దించుకున్న కాగితం నమూనా మొదటిసారికే మన ఒంటికి అతుక్కుపోవాలంటే ఎలా?

కాగితం నీ ఒళ్ళు చూసిందా?

మా వాడకట్టులో ఇంటర్ రెండో ఏడు చదివే అమ్మాయి ఒకతి ఉంది. ఎండాకాలంలో వేసుకోవడానికి మోకాలు దాటే కాటన్ స్కర్టు కావాలని ఫోనులో నమూనా సంపాదించింది. జిరాక్సు షాపులో కాగితాలు తీయించి, జిగురుతో అతికించి, వాళ్ళమ్మ మిషను మీద తానే కుట్టుకుంది. తీరా తొడుక్కోబోతే సగంలోనే పట్టేసింది! రెండు రోజులు ఊరుకుంది. మూడోనాటినుంచి రాత్రిపూట అన్నం మానేసింది. ఎందుకే అంటే, "స్కర్టు మంచిగనే ఉన్నదక్కా, నా ఒళ్ళే మంచిగ లేదు" అన్నది నాతో.

పదిహేడేళ్ళ పిల్ల నోట ఆ మాట విని నాకు మనసు చివుక్కుమంది. పక్కింటి మెట్టుమీద కూచున్న పెద్దమ్మ, నలభై ఏళ్ళుగా మిషను తొక్కుతున్న మనిషి, ఒక్క ముక్కలో తేల్చేసింది: "ఆ కాగితం నీ ఒళ్ళు చూసిందా బిడ్డా? నీ ఒళ్ళు సూడంది నీ తప్పెట్ల చెప్తది?"

నిజమే మరి! వేర్వేరు సైజుల్లో కాగితం నమూనాలు చేసి అమ్మడం అమెరికాలో 1863లో మొదలుపెట్టినవాడు ఎబెనెజర్ బట్టరిక్ అనే దర్జీ. తర్వాత 1939-40లో అక్కడి ప్రభుత్వం దాదాపు 15 వేలమంది ఆడవాళ్ళను కొలిపించింది. లెక్కలోకి తీసుకున్నది తెల్లవాళ్ళ కొలతలు మాత్రమే! విదేశీ సైజుల పట్టికల వెనక ఉన్న చరిత్ర ఇలాంటిది. మన ఆడవాళ్ళ నడుము ఎంత, సీటు ఎంత అన్నది వాటిలో ఎక్కడిది? మన దేశానికి మన సైజులు ఉండాలని నిఫ్ట్ వాళ్ళు 'ఇండియాసైజ్' పేరుతో, హైదరాబాదుతో సహా ఆరు నగరాల్లో 25 వేలమందికి పైగా కొలిచే పని చేపట్టింది ఈమధ్యనే. అంచేత కాగితం సరిపోకపోతే సిగ్గుపడాల్సింది కాగితమే!

పన్నెండు అంచుల లెక్క

ఇక అసలు పని. ముందు ఆ కాగితాలు సరైన సైజులో అచ్చయ్యాయా లేదా చూశాం. నమూనాలో కొలిచి చూసుకోవడానికి ఒక చదరపు గడి ఇస్తారు. దానిమీద రాసిన కొలతా, స్కేలు చెప్పే కొలతా ఒకటే కావాలి. జిరాక్సు షాపతను పేజీకి సరిపడేలా కుదించాడంటే స్కర్టు మొత్తం కుంచించుకుపోయినట్టే. మా పిల్ల గడి సరిగ్గానే ఉంది.

మరి పట్టేయడం ఎందుకు? ఆమె నడుము 26 అంగుళాలు. సీటు 40. నడుము చూసుకుని 26 గీతమీద కత్తిరించింది. ఆ గీత 36 సీటుకి గీసింది! నాలుగు అంగుళాల తేడాతో ఏ గుడ్డయినా పైకెలా ఎక్కుతుంది? ఇక్కడొక సూత్రం గుర్తుపెట్టుకోండి. సీటు దగ్గర ఒంటిని అంటిపెట్టుకునే స్కర్టుకి సీటు కొలత చూసి సైజు ఎంచుకోవాలి. నడుము తగ్గించుకోవడం సులువు, సీటు దగ్గర లేని గుడ్డ తేవడం కష్టం. గొడుగులా విచ్చుకునే స్కర్టుకైతే నడుము చూస్తే చాలు. ఇంకోటి, పట్టికలో రాసేది ఒంటి కొలత. కదలడానికి కావలసిన వదులు నమూనాలో కలిపే ఉంటుంది. మళ్ళీ మీరు కలపకండి.

ఆమె స్కర్టు ఆరు ముక్కలది. అచ్చం చీర కింద వేసుకునే ఆరు ముక్కల లంగాకి చెల్లెలే! 40 సీటు గీతమీద కత్తిరిస్తే నడుము 30 వస్తుంది. నాలుగంగుళాలు తగ్గించాలి. ఆరు ముక్కలంటే ఆరు కుట్లు, పన్నెండు అంచులు. ఒక్కో అంచులో పావంగుళం లోపలికి తీసుకుంటే పన్నెండు పావులు మూడంగుళాలు. మిగిలిన అంగుళం అందరిదగ్గరా సమానంగా తీయకూడదని పెద్దమ్మ చెప్పింది. ఆ పిల్లకు వెనక నడుము దగ్గర గుంట ఎక్కువ. అంచేత ఆ అంగుళాన్ని వెనక రెండు కుట్లలోనే చెరి అరంగుళం తీసేసింది. నడుము దగ్గర తీసిన ఆ లోతుని కిందికి వచ్చేకొద్దీ సన్నం చేసుకుంటూ, నడుముకి ఎనిమిది అంగుళాల కింద, అంటే సీటు దగ్గర, సున్నాకి తెచ్చేయాలి.

ఇదంతా కొత్త గుడ్డమీద కాదు సుమండీ! ఇంట్లో చిరిగిన పాత దుప్పటి ఉంటుంది కదా, మొదట దానిమీద. చేత్తో పెద్ద పెద్ద కుట్లు వేసుకుంటే విప్పడానికి క్షణం పట్టదు.

మడతలు మాట్లాడతాయి

దుప్పటి స్కర్టు తొడుక్కుని అద్దం ముందు నిలబడండి. మిమ్మల్ని చూసుకోకండి, గుడ్డని చూడండి. నడుము కింద అడ్డంగా మడతలు పడి స్కర్టు పైకి పాకుతోందా? సీటు దగ్గర చాల్లేదని అర్థం, పక్క కుట్లు వదలండి. ముందు అంచు పైకి లేచి కనిపిస్తోందా? పొట్ట కాస్త గుడ్డ తీసుకుంటోంది, ముందు ముక్కలకు పైన, నడుము దగ్గర కొంచెం పొడవు కలపండి. వెనక నడుము కిందనే గుడ్డ కుప్పపడుతోందా? అక్కడ నడుము మధ్యలో కొద్దిగా దించి కత్తిరించండి. పక్క కుట్టు నిలువుగా నేలకు దిగాలి. ముందుకో వెనక్కో ఒరిగితే, ఒరిగినవైపు గుడ్డ తక్కువైందన్నమాట.

చూశారా, ఈ మడతల్లో ఏ ఒక్కటీ "నువ్వు లావు", "నువ్వు పొట్టి" అని అనడంలేదు. "ఇక్కడ అరంగుళం వదులు, అక్కడ పావంగుళం పట్టు" అంటున్నాయి, అంతే!

గుడ్డ సంగతి

నర్సంపేట ఎండకు నైలాన్లు, పాలిస్టర్లు దండగ. చెమట పీల్చే కాటనే కావాలి. 44 అంగుళాల పన్నా ఉంటే ఇలాంటి స్కర్టుకి రెండున్నర మీటర్లు ధారాళంగా సరిపోతుంది, జేబులూ వస్తాయి. జేబులు మానకండి, బస్సు చిల్లర చేతిలో పట్టుకుని తిరగడం ఎందుకు? కొన్న రోజునే కత్తెర వేయకండి. ఒక రాత్రి నీళ్ళలో నానేసి, నీడన ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తిరించండి. లేకపోతే కుదిరిన ఫిట్టింగు మొదటి ఉతుకుడికే పోతుంది. నమూనామీద ఉన్న బాణం గుర్తు తాను అంచుకి సమాంతరంగా నిలువు పోగుమీదే ఉండాలి. పక్కకు జరిగితే స్కర్టు ఒంటిచుట్టూ మెలితిరుగుతుంది.

అన్నట్టు, మన చుట్టూ చేలనిండా పత్తే. 1934లో పెట్టిన వరంగల్ ఆజంజాహీ మిల్లు 2002లో మూతపడింది. గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా జౌళి పార్కుకి 2017లో శంకుస్థాపన జరిగింది. మన పత్తి మన దగ్గరే గుడ్డయి, మన పిల్ల ఒంటికి స్కర్టయితే ఆ ముచ్చటే వేరు!

ఆఖరికి అంచు

నడుం పట్టీ వేశాక స్కర్టుని ఒక పగలూ రాత్రీ హ్యాంగరుకి వేలాడదీయండి. ఏటవాలుగా ఉన్న చోట గుడ్డ సాగేది సాగిపోతుంది. తర్వాత తొడుక్కుని, రోజూ వేసుకునే చెప్పులతో నిటారుగా నిలబడి, ఇంకొకరిచేత నేలనుంచి స్కేలు పెట్టించి చాక్ గీతలు గీయించుకోండి. నడుమునుంచి కొలిస్తే అంచు వంకర పోవచ్చు, నేలనుంచి కొలిస్తే పోదు. మన తుంటి ఒకవైపు కాస్త ఎత్తుగా ఉన్నా నేలకు ఆ పట్టింపు లేదు కదా!

మా వాడకట్టు పిల్ల స్కర్టు మూడో ప్రయత్నానికి కుదిరింది. ఎడమపక్క జిప్పు దగ్గర కొంచెం ఉబ్బుంది. ఉంటే ఉండనీ అంది తను. అంతకన్నా మంచి కబురు, దుప్పటి స్కర్టు నడుం చుట్టూ సరిగ్గా కూచున్న రాత్రే కంచం ముందు కూచుంది. ఇప్పుడు స్నేహితురాళ్ళ కొలతలు నోటుబుక్కులో రాసుకుంటోంది. పెద్దమ్మ పక్కన మిషను దగ్గర ఒక స్టూలు కూడా సంపాదించింది!

కాబట్టి చెల్లెళ్ళూ, ఈసారి ఉత్తరం రాసేటప్పుడు "నాకు నప్పుతుందా?" అని అడగకండి. "నడుము ఇంత, సీటు ఇంత, మడత ఫలానా చోట పడుతోంది, ఏం చేయను?" అని అడగండి. ఆ ప్రశ్నకు జవాబు టేపులో ఉంది, కత్తెరలో ఉంది, చాక్ ముక్కలో ఉంది. అన్నం కంచంలో మాత్రం లేదు. ఏమంటారు?