ఏఐ వెతుకుతుంది.. సరిచూసేది మీరే!

దేశంలో నిరుద్యోగ రేటు ఎంత? గ్రూప్ డిస్కషన్‌లో ఈ ప్రశ్న వచ్చిందనుకోండి. 2023-24లో 3.2 శాతమని మీరంటారు. పక్కనున్న అభ్యర్థి 4.9 అంటారు. ఎవరిది తప్పు? ఎవరిదీ కాదు! రెండూ కేంద్ర గణాంక శాఖ కార్మిక సర్వే (పీఎల్‌ఎఫ్‌ఎస్) అంకెలే. మొదటిది ఏడాది కాలాన్ని చూసి వేసిన లెక్క. రెండోది సర్వేకు ముందు ఏడు రోజుల లెక్క.

ఈ తేడా తెలియడం ఇప్పుడు మరింత అవసరం. ఆ శాఖ 2024లో ఈ-సాంఖ్యికి పోర్టల్ తెచ్చింది. ఏఐ ఏజెంట్లు అందులోని డేటాను నేరుగా అందుకునేలా ఎంసీపీ సర్వర్‌నూ సిద్ధం చేసింది. గంటలకొద్దీ ఫైళ్లు తిరగేసే పని తగ్గుతుంది. మంచిదే. కానీ కీవర్డ్ సెర్చ్ పదం కలిసిందా లేదా అన్నదే చూస్తుంది. ‘అన్‌ఎంప్లాయ్‌మెంట్ రేట్’ అని కొడితే రెండు పట్టికలూ రావొచ్చు. మీ ప్రశ్నకు ఏది సరిపోతుందో అది చెప్పదు. ‘కాస్ట్ ఆఫ్ లివింగ్’ అని వెతికితే ఏమీ దొరక్కపోవచ్చు. ఎందుకంటే అక్కడున్న పేరు ‘కన్స్యూమర్ ప్రైస్ ఇండెక్స్’.

డేటా ఉద్యోగాలకు ప్రిపేరవుతున్నారా? ఏఐ ఇచ్చిన ప్రతి అంకెనూ నాలుగు ప్రశ్నలు అడగండి. ఏ సర్వే? ఏ కాలం? ఏ వయసువారు? ఏ నిర్వచనం?

ముందు మీ అంకెతోనే మొదలుపెట్టండి. అదే ఏడాది లెక్కలో 15-29 ఏళ్ల వారి నిరుద్యోగ రేటు 10.2 శాతం. వయసు అడగకపోతే మీకు దొరికేది 3.2 మాత్రమే!