తగ్గిన ధర ఎవరి కూలి?

డిసెంబరు వచ్చిందంటే జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ఇళ్ళకు ఆన్‌లైన్‌లో కొన్న క్రిస్మస్ కానుకలు పెట్టెలు పెట్టెలుగా వస్తాయి. సగం ధరకే దొరికిందని సంబరపడతాం. ఆ సగం ఎవరి కూలిలోంచి తగ్గిందని మాత్రం అడగం.

ఆ పెట్టెల్లో చేతి అల్లిక లేసు గుడ్డ కూడా ఉండొచ్చు. లేసుకు పేరుపడ్డ ఊరు పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఈ అల్లిక అక్కడి స్త్రీల శ్రమతోనే విదేశీ మార్కెట్లకు చేరింది. రోజుకు 6 నుంచి 8 గంటలు అల్లినా వాళ్ళను తీరిక వేళ అల్లుకునే గృహిణులుగానే చూశారని, లాభం మగ వ్యాపారులకు చేరిందని మరియా మీస్ 1982లో తన పుస్తకంలో చూపించారు. 2024లో ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. అల్లిన స్త్రీకి కార్మికురాలిగా గుర్తింపు దక్కాలి.

కానుకలు మానేయమని మేం అనడం లేదు. ఈసారి అల్లే స్త్రీల దగ్గరే, వాళ్ళ సంఘాల దగ్గరే బేరమాడకుండా కొందాం. మిగతా చోట్ల కొంటే, అల్లినామెకు ఎంత ముట్టిందని అడుగుదాం. ఇంటిపట్టున చేసే పనికీ కనీస వేతనం, సామాజిక భద్రత కావాలని ప్రభుత్వాలను కలిసికట్టుగా నిలదీద్దాం.