కోవిడ్ ఎవరి ఆయుష్షు కోసింది? చావుల లెక్కలో కనిపించని కులం

దేశంలో సగటు ఆయుర్దాయం ఎంత అని అడిగితే దాదాపు 70 ఏళ్లని చెబుతారు. రాష్ట్రాల వారీగా అడిగినా జవాబు ఉంది. రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం నడిపే శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ (ఎస్‌ఆర్‌ఎస్) 2015-19 లెక్క ప్రకారం కేరళలో పుట్టిన బిడ్డకు 75.2 ఏళ్లు, ఛత్తీస్‌గఢ్‌లో పుట్టిన బిడ్డకు 65.3 ఏళ్లు. ఒకే రాజ్యాంగం కింద పదేళ్ల తేడా. మరి మాలపల్లెలో, మాదిగవాడలో, గోండుగూడెంలో పుట్టిన బిడ్డకు ఎన్నేళ్లు? ఎస్‌ఆర్‌ఎస్ ఆ లెక్క ప్రచురించదు. రాష్ట్రం, స్త్రీ పురుషులు, పల్లె పట్నం అనే విభజన దగ్గరే ఆగిపోతుంది.

కోవిడ్ కాలాన్ని అర్థం చేసుకోవడానికి ఇదే పెద్ద అడ్డంకి అని మేము భావిస్తున్నాం.

ముందు ఆయుర్దాయం అంటే ఏమిటో చూద్దాం. ఒక ఏడాదిలో ఒక్కో వయసులో ఉన్న మరణాల రేటే ఇకముందూ కొనసాగితే, అప్పుడు పుట్టిన బిడ్డ సగటున ఎన్నేళ్లు బతుకుతుందో చెప్పే కొలత అది. రెండేళ్లు తగ్గిందంటే అందరూ రెండేళ్లు ముందే పోయారని కాదు, ఆ ఏడాది చావులు అంత తీవ్రంగా ఉన్నాయని.

2024 జూలైలో ‘సైన్స్ అడ్వాన్సెస్’ పత్రికలో ఆశిష్ గుప్తా, సహ పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5లో 14 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల నుంచి 7.65 లక్షల మంది వివరాలు తీసుకున్నారు. 2019తో పోలిస్తే 2020లో ఆయుర్దాయం మొత్తంగా 2.6 ఏళ్లు తగ్గిందని తేల్చారు. విడదీసి చూస్తే అసలు విషయం బయటపడుతుంది. అగ్రకుల హిందువులకు తగ్గింది 1.3 ఏళ్లు. దళితులకు 2.7, ఆదివాసీలకు 4.1, ముస్లింలకు 5.4 ఏళ్లు. పురుషులకు 2.1 ఏళ్లు తగ్గితే స్త్రీలకు 3.1 ఏళ్లు తగ్గింది.

ఈ దెబ్బ అందరికీ ఒకే మెట్టు మీద తగల్లేదు. సంగీతా వ్యాస్, పాయల్ హాథీ, ఆశిష్ గుప్తా 2022లో ప్రచురించిన మరో అధ్యయనం తొమ్మిది రాష్ట్రాల్లో కోవిడ్‌కు ముందటి పరిస్థితి చూసింది. అగ్రకుల హిందువుల కన్నా ఆదివాసీల ఆయుర్దాయం నాలుగేళ్లకు పైగా, దళితులది మూడేళ్లకు పైగా తక్కువ. ఆర్థిక స్థితిలో తేడాలు ఈ అంతరంలో సగం కూడా వివరించలేకపోయాయి. అంటే ‘పేదరికం వల్లే’ అనే మాట సరిపోదు. కోవిడ్ కొత్త అసమానతను పుట్టించలేదు, ఉన్నదాన్ని పెంచింది.

వైరస్ ఒక్కటే కారణం కాదు. లాక్‌డౌన్‌లో మామూలు వైద్యం ఆగిపోయింది. దేశంలో నమోదైన టీబీ కేసులు 2019లో సుమారు 24 లక్షలు, 2020లో 18 లక్షలు. జబ్బు తగ్గి కాదు, పరీక్షలు ఆగి. ప్రైవేటు ఆసుపత్రికి పోలేని వాడకు, రోడ్డు లేని గూడేనికి ప్రభుత్వాసుపత్రి ఓపీ మూతపడితే ఇంకో దారి లేదు. అదే సమయంలో వీధులు ఊడ్చిందీ, శ్మశానాల్లో కాటి పని చేసిందీ ఎక్కువగా మన వాళ్లే.

కేంద్ర ఆరోగ్య శాఖ ఈ అధ్యయనాన్ని తిరస్కరించింది. 14 రాష్ట్రాల నమూనా దేశానికి సరిపోదని, నమోదైన మరణాలు 2019 కన్నా 2020లో 4.74 లక్షలే పెరిగాయని చెప్పింది. నమూనాపై ప్రశ్న అడగాల్సిందే. కానీ మరణాల రిజిస్టరు కులాల మధ్య తేడా గురించి ఏమీ చెప్పదు. అది చూపించి ఆ తేడా లేదని ఎలా అంటారు? పైగా ఇదంతా 2020 కథే. 2021లో నమోదైన మరణాలు 81 లక్షల నుంచి 1.02 కోట్లకు పెరిగాయి. ఆ ఏడాది అధికారిక కోవిడ్ మరణాలు మాత్రం 3.3 లక్షలకు కాస్త అటూ ఇటూ.

మరి తెలుగు రాష్ట్రాలు? ఆ 14లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. ఇక్కడ ఆ సర్వే 2019లోనే, కోవిడ్ రాకముందే ముగిసింది. కాబట్టి మన దళితవాడల నష్టం ఆ లెక్కలోకి రానే లేదు.

అమెరికాలో ఆదివాసీ అమెరికన్ల ఆయుర్దాయం 2019లో 71.8 ఏళ్లు, 2021 నాటికి 65.2. అక్కడ మరణ ధ్రువపత్రంలో జాతి నమోదవుతుంది కాబట్టి ఈ ఘోరం దాచలేకపోయారు.

ఇక్కడ తెలంగాణ 2024లో కులసర్వే చేసింది. రాబోయే 2027 జనగణనలోనూ కులం అడుగుతారు. ఇవి బతికున్న వాళ్ల లెక్కలు. చనిపోయిన వాళ్ల లెక్క కూడా కావాలి. ఎస్‌ఆర్‌ఎస్ దేశమంతటా దాదాపు 8,800 నమూనా యూనిట్లలో జనన మరణాలను నమోదు చేస్తుంది. జనగణన తర్వాత ఆ నమూనాను మార్చడం ఆనవాయితీ. ఆ కొత్త జాబితాలో ప్రతి కుటుంబం సామాజిక వర్గాన్ని రాసి, ఆయుర్దాయాన్ని రాష్ట్రాల వారీగానే కాక ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీల వారీగానూ ఏటా ప్రచురించాలి. ఇందుకు కొత్త సంస్థ అక్కర్లేదు, ఉన్న ఫారంలో ఒక గడి చాలు.

నమూనా ఖరారయ్యాక అడిగితే మరో పదేళ్లు ఆగాలి. విద్యార్థి సంఘాలు, దళిత ఆదివాసీ సంఘాలు ఈ డిమాండ్‌ను ఇప్పుడే ముందుకు తేవాలి.