చూచినదానిని వ్రాయనిండు

పుణే నగరమందలి ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా సంచాలకులకును, విద్యాపరిషత్తు సభ్యులకును, ప్రవేశ పరీక్షకులకును నమస్కారములు.

ఆర్యులారా,

చలనచిత్ర విద్యాలయములందు ప్రవేశము గోరు యువతీయువకులు తమ్ము గూర్చియు, తమ కళాదృష్టిని గూర్చియు, ఈ విద్య నేల అభ్యసింపదలచితిమను సంగతిని గూర్చియు వ్రాసి సమర్పించు ఒకటి రెండు పుటల నివేదికను గురించి మీకీ లేఖ వ్రాయుచున్నాను. చిరకాలము తెలుగు పాఠములు చెప్పి విశ్రాంతి పొందినవాడను. సినిమా యెడ నాకు గల ఆసక్తి నెరిగిన పిల్లలు, పుణేకు గాని, కలకత్తాలోని సత్యజిత్ రాయ్ సంస్థకు గాని, ప్రైవేటు ఫిల్మ్ స్కూళ్లకు గాని దరఖాస్తు పెట్టునప్పుడు, తాము ‘ఎస్.ఓ.పి.’ అని పిలుచుకొను ఆ కాగితమును తెచ్చి నాచేత చదివించుట వాడుక యైనది. దేశమునందలి చలనచిత్ర విద్యాలయములలో మీది పెద్దది గావున, మీరొక త్రోవ త్రొక్కినచో తక్కినవారు దానినే అనుసరింతురను నమ్మకముతో ఈ విన్నపము మీ ముందుంచుచున్నాను.

ఆ కాగితములన్నియు ఒకే చేయి వ్రాసినట్లుండును. తొలుత బాల్యము, పిదప అమ్మమ్మ చెప్పిన కథలు, ఆ పిదప చీకటిహాలులో తెరపై వెలుగు పడిన మహత్తర క్షణము, అటుపిమ్మట రాయ్, కురొసావా, తార్కోవ్‌స్కీల నామస్మరణము, తుదకు సమాజమును మార్చెదనను ప్రతిజ్ఞ. ఇది పిల్లల కపటము గాదు. ఇరువది యేండ్ల వయసున, చెప్పుకొనదగిన కృతి యొక్కటియు చేతలేనివానిని పట్టుకొని ‘నీ వెట్టి కళాకారుడవు?’ అని యడిగినచో, వాడు తన లోపల వెదకి చూచి, అక్కడ నింకను రూపు గట్టనిదానికి పేరు పెట్టలేక, పేరు గడించినవారి మాటలను ఎరువు తెచ్చుకొనుట తప్ప వేరేమి చేయగలడు? ఎరువు సొమ్ము బరువు చేటని పెద్దలు ఊరక అనలేదు. శిక్షణ కేంద్రములవారు ఆ సొమ్మును అచ్చువేసి పంచుచున్నారు; నేడు యంత్రములు సైతము అడిగినదే తడవుగా వ్రాసి యిచ్చుచున్నవి.

ఆ మధ్య సిరిసిల్ల నుండి ఒక అమ్మాయి నా యొద్దకు వచ్చెను. తండ్రి సాంచెల (మరమగ్గముల) కార్ఖానాలో పనివాడు. తల్లి యింటనే బీడీలు చుట్టును. ఆమె తెచ్చిన ఆంగ్ల పత్రమునందు సిరిసిల్ల లేదు, సాంచెలు లేవు, బీడీలు లేవు. ‘విజువల్ పోయెట్రీ’ అను మాట మాత్రము పలుతావుల నున్నది. కాగితము ప్రక్కనబెట్టి ఇంటి సంగతులడిగితిని. మొదట సంకోచించి, కొంత తడవునకు ఆమె చెప్పిన మాట ఆమె పలుకుబడిలోనే నాకు జ్ఞాపకమున్నది: “కరెంటు పోతే సాంచెలు టక్కున ఆగుతయి సార్. గని మనుషులు ఆగరు. ఇంకా కొద్దిసేపు ఒర్రుకుంటనే మాట్లాడుతరు. జర సేపటికి ఎవరి గొంతు వాళ్లకే ఇనవడి, సిగ్గయి, సప్పుడు తగ్గిస్తరు.”

ఈ నాలుగు మాటలలో ఒక దృశ్యమున్నది. శబ్దమును ఎచ్చట నిలిపి ఎచ్చట విడువవలెనో తెలిసిన చెవియున్నది. పగలెల్ల యంత్రఘోషకు లోబడి, అది యాగిన పిమ్మట గూడ దాని పట్టు విడిపించుకొనలేని మనుష్యుల బ్రదుకున్నది. తల్లిని గూర్చి ఆమె మరియొక విశేషము చెప్పెను. ఆ తల్లి టీవీలో సీరియలు చూచుచు, ఒడిలోని చాటవైపు చూడకయే ఆకులో తంబాకు పోసి చుట్టుచుండునట. తెరమీద ఎవరేడ్చినను, ఎవరు పోట్లాడినను ఆ చేతులాగవట. ఎవరైన మాటలేక ఊరకున్నప్పుడు మాత్రము ఒక్క నిమేషము నిలిచిపోవునట. ఏండ్ల తరబడి సినిమాలను విమర్శించినవారికి గూడ సులభముగా పట్టువడని చూపిది. అట్టి చూపు గల పిల్ల దానిని దాచిపెట్టి, ఎవరివో పలుకుల వెనుక నిలుచుండుటకు కారణమేమి? ఇదియే వ్రాయుమని నేననగా ఆమె ఆశ్చర్యపడి, “ఇసొంటియి కూడ రాస్తరా సార్?” అని యడిగెను. అడుగబడిన ప్రశ్నలో ఇట్టి సమాధానమునకు చోటున్నదని ఆమెకు తోచలేదు.

చూచినదే కళకు మూలమను నా మాటకు మీ సంస్థ నెలకొన్న నేలయే సాక్షి. 1933లో కొల్హాపురము నుండి పుణేకు తరలివచ్చిన ప్రభాత్ ఫిల్మ్ కంపెనీ వారి స్టూడియో ఆవరణమునందే గదా 1960లో మీ విద్యాలయము ఆరంభమైనది! ఆ కంపెనీ పక్షమున 1936లో ‘సంత్ తుకారాం’ తీసిన దామ్లే, ఫత్తేలాల్‌లు కొల్హాపురమున బాబురావ్ పెయింటర్ చెంత కుంచె పట్టి పని నేర్చినవారు. ఆ చిత్రమున భక్తుని పారవశ్యమెంత గొప్పదో, ఇంట గింజలు లేక పిల్లల ఆకలి చూడలేక మగనిపై మండిపడు తుకారాం భార్య జిజాయి కోపమంత గొప్పది. ఆ యిల్లాలిని, ఆమె గేదెను చిత్రించినవారు సిద్ధాంతములను చదివి కాక, తమ ప్రాంతపు ఇండ్లను చూచి చిత్రించిరని చూచిన ప్రతివానికి తెలియును. 1962లో మీ సంస్థలో చేరిన అడూర్ గోపాలకృష్ణన్ గారు అంతకు ముందు నేషనల్ శాంపుల్ సర్వేలో ఉద్యోగము చేసినవారు. వారి మనస్సు అప్పటికి నాటకముపై నుండెను. ‘సినిమాయే నా ఊపిరి’ అని ఆనాడు వారిచేత వ్రాయించియుండినచో అది అసత్యమే యగును గదా! పదియేండ్లకు, 1972లో, వారి చిత్రము ‘స్వయంవరం’ వచ్చినది.

పరదేశముల సంగతియు మీరెరుగనిది గాదు. సాంస్కృతిక విప్లవానంతరము 1978లో బీజింగ్ ఫిల్మ్ అకాడమీ మరల విద్యార్థులను చేర్చుకొనునప్పుడు, నూలుమిల్లులో పనిచేయుచు వయోపరిమితి దాటిన ఝాంగ్ యీమో తాను తీసిన ఛాయాచిత్రములను జతచేసి మంత్రిత్వశాఖకు మొరపెట్టుకొనగా ప్రవేశము లభించినది. పారిస్‌లోని లా ఫెమిస్ విద్యాలయము కొన్ని అంశములను తానే ప్రకటించి, వానిలో నొకదానిని గైకొని, తిరిగి, చూచి, విచారించి ఒక పత్రము సిద్ధపరచుకొని రమ్మని అభ్యర్థులను కోరును. ‘నీ వెవరవు?’ అనుటకంటె ‘నీ వేమి చూచితివి?’ అనుట ఎంతయో దయగల ప్రశ్న. నిజమును రాబట్టుటకు అంతకంటె మిక్కిలి కఠినమైన ప్రశ్నయు నదియే.

కావున నా విన్నపమిది. అభ్యర్థి తన యింటినుండి నడచిపోగల దూరములో పలుమారు చూచిన ఒక పనిని గాని, ఒక తావును గాని, ఒక మనిషిని గాని, తాను చూచినట్లును విన్నట్లును రెండు పుటలలో వ్రాయవలెననియు, తన మాతృభాషలోనే వ్రాయవచ్చుననియు ప్రకటింపుడు. భాష మాట నొక్కి చెప్పుచున్నాను. నేడీ పరీక్షల వ్యవహారమంతయు ఆంగ్లముననో హిందీలోనో సాగుచున్నది. సిరిసిల్ల అమ్మాయి సాంచెల సంగతి తెలుగున చక్కగా వ్రాసికొనివచ్చి, దానిని ఆంగ్లమున తిరిగి వ్రాయబోయినంతనే మరల పాత యెరువు మాటలే వచ్చి చేరినవి. ఆమె ఆంగ్లము గైడు పుస్తకములనుండి వచ్చినది. ఆ పుస్తకములలో కార్ఖానా లేదు. ఉట్నూరు గోండు బాలునకును, శ్రీకాకుళపు కొండలలోని సవర బాలికకును ఈ దూరము మరింత యెక్కువ. వ్రాత అలవడనివారు నోట చెప్పి రికార్డు చేసి పంపిన నేమి? వినుటయు మీ శాస్త్రములో భాగమే గదా!

ఇన్ని భాషలు చదువువారెవరని మీరడుగవచ్చును. మీ పూర్వవిద్యార్థులు లేరా? అడూర్ గారు మలయాళమునకు, గిరీశ్ కాసరవల్లి గారు కన్నడమునకు, జాహ్ను బరువా గారు అస్సామీ భాషకు మీ విద్యను కొనిపోయిరి. ఇట్లు ప్రతి భాషలోను మీవద్ద చదివిన సంకలనకారులు, ఛాయాగ్రాహకులు, శబ్దగ్రాహకులు కలరు. తొలి విడత పఠనమును వారికి అప్పగింపవచ్చును. శిక్షణ కేంద్రములవారు దీనిని గూడ నేర్పి పంపుదురను శంక సహేతుకమే. అయినను మౌఖిక పరీక్షలో ‘ఆ కార్ఖానాలో దీపము లెచ్చట వ్రేలాడును? కరెంటు వచ్చినప్పుడు మొదట నెవరు లేతురు?’ అని మీరడిగినచో, చూచినవారికి చెప్పుటకు ఇంకను మిగిలియుండును. చూడనివారికి రెండవ ప్రశ్నకే మాట కరవగును.

ఒక్క సంగతి మిగిలినది. ఈ ప్రశ్నను దరఖాస్తు గడువునకు కొలది దినములముందు గాక చాల ముందుగా, వీలైనచో ఆరు మాసములకు ముందే, వెల్లడింపుడు. పిల్లలు ఆ చోటికి వానలోను ఎండలోను, పగలును రేయియు పోయి చూచుటకు అంతపాటి వ్యవధి కావలసియుండును.

ఇట్లు,
భవదీయుడు,
ఒక తెలుగు ఉపాధ్యాయుడు