ఒకే కప్పు కింద రెండు లెక్కలు

దసరా దగ్గర పడుతుంటే గోదావరిఖనిలో ఏ టీకొట్టు దగ్గర నిలబడ్డా ఒకటే ముచ్చట: ఈసారి వాటా ఎంత? సింగరేణి బొగ్గు సంస్థ లాభాల్లో కార్మికులకు వాటా ఇవ్వడం 1999-2000లో 10 శాతంతో మొదలైంది. అంతకు కొన్నేళ్ల ముందే సంస్థ నష్టాల్లో కూరుకుపోయి, ఖాయిలా పరిశ్రమల సంగతి చూసే బీఐఎఫ్ఆర్ గడప తొక్కింది. గట్టెక్కగానే బాయి దిగినవాడికి లాభం పంచాలనుకోవడం గొప్ప నిర్ణయం. ప్రభుత్వాలు మారినా ఆ మాట నిలబడింది.

2024లో విస్తరణకు పక్కన పెట్టింది పోగా మిగిలిన లాభంలో 33 శాతం పంచారు. పర్మినెంటు కార్మికుడికి సగటున 1.90 లక్షల రూపాయలు. కాంట్రాక్టు కార్మికుడికీ ఇవ్వడం అదే మొదటిసారి. అతనికి దక్కింది 5 వేలు. మరుసటి ఏడాది పర్మినెంటు వాటా 34 శాతమైతే, ఇతనిది 5,500 అయింది. లెక్కలోకి తీసుకున్నందుకు యాజమాన్యాన్ని మెచ్చుకోవలసిందే. కానీ అది వాటా కాదు, పండగ మామూలు. వాటా అంటే లాభంతో పాటు పెరిగే హక్కు.

రామగుండం వైద్య కళాశాలకు సింగరేణి 500 కోట్లు ఇచ్చింది. సింగరేణి సేవా సమితి కార్మికుల ఇళ్లలోని ఆడవాళ్లకు చేతిపనులు నేర్పిస్తోంది. ఈ ప్రాంతానికి అవన్నీ కావాలి. అయితే కంపెనీ ఆసుపత్రిలో వార్డు ఊడ్చే మనిషీ కాంట్రాక్టు మనిషే. ఆమెకు సరైన కూలి కట్టివ్వకుండా ఊరికి ఎంత సేవ చేసినా, ఆ సేవ ఆమె గడప దాకా రాదు. కోల్ ఇండియాలో కాంట్రాక్టు కార్మికులకు అమలవుతున్న హైపవర్ కమిటీ వేతనాలు తమకూ కావాలని 2022 సెప్టెంబరులో సింగరేణి కాంట్రాక్టు కార్మికులు సమ్మెకు దిగారు. వాళ్లు అడిగింది దానం కాదు.

కూలి ఒక్కటే కాదు, సంస్థ విలువల మాట వచ్చినప్పుడు నాకు గనిలో భద్రత చూసే మైనింగ్ సర్దార్ గుర్తొస్తాడు. షిఫ్టు మొదట్లో చేతికర్రతో గని కప్పు కొట్టి చూస్తాడు. గట్టి రాయి ఖంగుమంటుంది; పొర విడిచిన చోట డొల్ల చప్పుడు వస్తుంది. అది వినబడితే మనుషుల్ని వెనక్కి పిలిచి, ఆ చోటికి కంచె కట్టాలి. చట్టం అతని మీద పెట్టిన బాధ్యత అది. ఆ పూట బొగ్గు తగ్గుతుంది, పైనుంచి ఫోన్లు వస్తాయి. అప్పుడు మేనేజరు అతని పక్కన నిలబడతాడా, టార్గెట్ పక్కనా? సంస్థ విలువలు తేలేది అక్కడే. 2003 జూన్ 16న గోదావరిఖని జీడీకే-7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది పోయిన నేల ఇది.

2022 మార్చిలో అడ్రియాల గనిలో కప్పు కూలి ముగ్గురు చనిపోయారు. వారిలో భద్రతాధికారి ఉన్నారు, కాంట్రాక్టు కార్మికుడూ ఉన్నాడు. కూలిన కప్పు ఎవరి మస్టరు ఏదని చూడలేదు. ప్రమాదంలో లేని తేడా పంపకంలో ఎందుకుండాలి?

చేయాల్సింది కష్టమైనదేం కాదు. హైపవర్ కమిటీ వేతనాన్ని టెండరులోనే షరతుగా పెట్టాలి; తక్కువ కూలి లెక్కగట్టి కోట్ చేసిన గుత్తేదారుకు పని దక్కకూడదు. కాంట్రాక్టు కార్మికులకు ఇచ్చేదాన్ని స్థిరమైన మొత్తంగా కాక, లాభంలో శాతంగా ప్రకటించాలి. మొదట అది ఒక్క శాతమే అయినా సరే, వచ్చే దసరాకు ముందే ఆ అంకె చెప్పాలి.