పేరు రాయని ప్రశ్న

"పెద్దయిన తరువాత నీకే తెలుస్తుందిలే." దేహాన్ని గురించి పిల్లలు అడిగే ప్రశ్నలకు మన ఇళ్లలో తరతరాలుగా లభిస్తున్న సమాధానం ఇది. పెద్దయిన పిదప చెప్పేవారెవరన్నది మాత్రం ఎవరూ చెప్పరు. వివాహమై, పిల్లలు కలిగి, జుట్టు నెరసినా కొన్ని సందేహాలు గొంతులోనే ఉండిపోతాయి.

సుమారు నూరేళ్ల క్రితం బెర్లిన్ నగరంలో ఒక వైద్యుడు ఇందుకొక ఉపాయం కనిపెట్టాడు. తన సంస్థలో ఒక పెట్టె ఉంచాడు. సందేహమున్నవారు దానిని చీటీ మీద రాసి, పేరు రాయనక్కరలేకుండా అందులో వేసి పోవచ్చు. నియమిత సాయంకాలాలలో సభ జరిపి, ఆ ప్రశ్నలకు అందరి ఎదుట సమాధానాలు చెప్పేవారు. అడిగినవారెవరో ఎవరికీ తెలియదు. వినవలసినవారు మాత్రం వినేవారు.

ఆ వైద్యుడు మాగ్నస్ హిర్ష్‌ఫెల్డ్. 1919 జూలైలో ఆయన ప్రారంభించిన లైంగిక విజ్ఞాన సంస్థలో చికిత్సాలయం, గ్రంథాలయం, దంపతులకు సలహాలిచ్చే విభాగం ఉండేవి. వాటితోపాటు ఒక మ్యూజియం కూడ ఉండేది. పురుషుల మధ్య స్వలింగ సంబంధాన్ని నేరంగా పరిగణించే జర్మన్ చట్టాన్ని రద్దు చేయాలని ఆయన 1897 నుంచే ఉద్యమించాడు. శాస్త్రజ్ఞానం ద్వారానే న్యాయం సిద్ధిస్తుందని ఆయన విశ్వాసం.

1930లో హిర్ష్‌ఫెల్డ్ ప్రపంచ పర్యటనకు బయలుదేరాడు. 1931లో మన దేశానికీ వచ్చాడు. తిరిగి స్వదేశంలో అడుగుపెట్టే భాగ్యం ఆయనకు కలగలేదు. యూదుడూ, ఇటువంటి విషయాలను బాహాటంగా చర్చించినవాడూ కావడంచేత నాజీలకు ఆయన పరమ శత్రువు. 1933 మే 6న విద్యార్థుల దండు ఒకటి ఆ సంస్థపై పడి దోచుకున్నది. మే 10 రాత్రి అక్కడి గ్రంథాలను నగరం నడిబొడ్డున ఇతర పుస్తకాలతో కలిపి తగులబెట్టారు. ఆ మంటను హిర్ష్‌ఫెల్డ్ పారిస్‌లోని ఒక సినిమాహాలులో, వార్తాచిత్రంలో చూశాడు. జీవితకాలపు శ్రమ తెరమీద బూడిద కావడం చూసిన ఆ మనిషి సుమారు రెండేళ్లకు, 1935లో ప్రవాసంలో మరణించాడు.

ఆ పని చేసినవారు నిరక్షరాస్యులు కారు. పుస్తకం విలువ తెలియవలసిన విద్యార్థులే. అజ్ఞానం కంటె, తెలిసి కప్పిపుచ్చే గర్వం ఎక్కువ హాని చేస్తుందనడానికి ఇంతకంటె నిదర్శనం వేరే కావాలా?

ఆ భవనం నేడు లేదు. అయితే హిర్ష్‌ఫెల్డ్ పేరుతో 1982లో పశ్చిమ బెర్లిన్‌లో ఏర్పడిన సంఘంవారు, మిగిలిన ఛాయాచిత్రాలను, పత్రాలను వెదకి కూర్చి, ఆ సంస్థ చరిత్రను అంతర్జాలంలో ప్రదర్శనగా నిలిపారు. వియన్నాలోని గర్భనిరోధ చరిత్ర మ్యూజియం కూడ తన సేకరణను ఇదే విధంగా అందుబాటులో ఉంచింది. వీటిని చూడడానికి ఎవరూ రైలెక్కనక్కరలేదు. టికెట్టు కొనే వరుసలో పరిచయస్థుడెవరైనా చూస్తాడేమోనని తల దించుకోనక్కరలేదు.

అంతర్జాలంలో అశ్లీలానికి కొదవ లేదు కదా అని పాఠకులు అడగవచ్చు. నిజమే. అందుకే మ్యూజియం అవసరం మరింత హెచ్చినది. అశ్లీలం దేహాన్ని చూపి ఊరుకుంటుంది. మ్యూజియం ఆ వస్తువు ఏమిటో, ఏ కాలానిదో, ఎవరికి ఎందుకు అవసరమైనదో, దానివల్ల ఎవరు బాగుపడ్డారో, ఎవరు బాధపడ్డారో చెబుతుంది. మొదటిది కుతూహలాన్ని రెచ్చగొడుతుంది, రెండవది తీరుస్తుంది.

ఈ పద్ధతి మనకు కొత్తది కాదు. తెలుగు పత్రికలలో వైద్యులు నడిపిన ప్రశ్నోత్తర శీర్షికలు చదివినవారికి ఆ ఉత్తరాలు గుర్తుండే ఉంటాయి. పేరు ఉండదు, "ఒక సోదరి" అనో, ఊరి పేరు మాత్రమో ఉంటుంది. ఒకరు రాసిన ఉత్తరానికి వచ్చిన జవాబును, అదే బాధతో మౌనంగా ఉన్న మరెందరో చదువుకునేవారు. బెర్లిన్ పెట్టె చేసినదీ అదే, నేటి అంతర్జాల మ్యూజియం చేస్తున్నదీ అదే.

ఒక్క లోపం మాత్రం ఉన్నది. తెర బదులు చెబుతుందే కాని, అడిగినవాని ముఖం చూడదు. ఆ పని ఇంట్లోని పెద్దలదే. ఈసారి పిల్లవాడు అడిగినప్పుడు, తెలిసినంత వరకు చెప్పండి. తెలియకపోతే, "నాకూ తెలియదు, ఇద్దరం కలిసి తెలుసుకుందాం" అనండి.